‘ఆల్వేస్’ ఎక్కడ పెట్టాలి? మహబూబ్‌నగర్‌లోని ఒక సాయంత్రపు ఇంగ్లిష్ తరగతిపై సమీక్ష

మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో, ఒక ఫొటో స్టూడియో పై అంతస్తులో నడిచే స్పోకెన్ ఇంగ్లిష్ తరగతుల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇది రెండు నెలల కోర్సు, ఫీజు 3,500 రూపాయలు. లోపాలు కూడా చెప్పబోతున్నాను కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. కోర్సు మొత్తాన్ని తూచే ఉద్దేశం కూడా లేదు. ‘ఆల్వేస్, యూజువల్లీ, ఆఫెన్, సమ్‌టైమ్స్, రేర్లీ, నెవర్’ వంటి మాటలను వాక్యంలో ఎక్కడ పెట్టాలో నేర్పే భాగం వరకే పరిమితమవుతాను. ఇంత చిన్న విషయానికి ఒక సమీక్షా అని కొందరు అనుకోవచ్చు. జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో, మందుల కంపెనీల్లో పనిచేసే నాలాంటివారికి ఇది చిన్న విషయం కాదు. అక్కడ ఎస్ఓపీలు (పని ఎలా చేయాలో చెప్పే పత్రాలు), లాగ్‌బుక్కులు, డీవియేషన్ రిపోర్టులు (పద్ధతి తప్పినప్పుడు రాసే నివేదికలు) అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఏ పని ఎన్నాళ్లకొకసారి జరుగుతుంది, ఏది ఎప్పుడూ జరగకూడదు అన్నదే వాటిలో ముఖ్యమైన సమాచారం కాబట్టి, ఆ మాట తప్పు చోట పడిందంటే ఆడిట్‌కు వచ్చినవారి వేలు సరిగ్గా ఆ వాక్యం మీదే ఆగుతుంది.

పాఠం చెప్పేవారు పదవీ విరమణ చేసిన ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయులు. ఆయన పాఠాన్ని మొదలుపెట్టిన తీరు నాకు బాగా నచ్చింది. దుకాణాల్లో దొరికే గ్రామర్ పుస్తకాలు ‘మెయిన్ వెర్బ్‌కు ముందు, బి ఫారమ్‌లకు (యామ్, ఈజ్, ఆర్ వంటివాటికి) తర్వాత’ అని రెండు ముక్కలు చెప్పి అభ్యాసాలు ఇచ్చేస్తాయి. ఆ సూత్రం సరైనదే. అయితే అది మనవాళ్లకు ఎందుకు పట్టుబడదో ఆ పుస్తకాలు చెప్పవు. ‘మా సార్ ఎప్పుడూ బిజీ’ అన్నామంటే తెలుగులో వాక్యం పూర్తయినట్టే. అందులో ‘ఈజ్’ చేసే పనికి విడిగా మాటే లేదు. లేని మాటకు ముందా, వెనకా అనే ప్రశ్న మనకు తట్టదు. అందువల్ల కొందరు ‘అవర్ సార్ ఆల్వేస్ బిజీ’ అని ఈజ్‌ను మింగేస్తారు, మరికొందరు చివరి నిమిషంలో గుర్తు తెచ్చుకుని ‘ఆల్వేస్ ఈజ్ బిజీ’ అని వెనక తగిలిస్తారు. ఈ కారణాన్ని ఆయన సూత్రం కంటే ముందే వివరించడం వల్ల, ఆ తర్వాత వచ్చిన సూత్రం బట్టీ పట్టవలసిన అవసరం లేకుండానే నిలిచింది.

నేర్పే పద్ధతి అట్టముక్కలతో సాగుతుంది. ఒక్కో పదం రాసిన ముక్కలను బల్ల మీద వరుసగా పేర్చి, ‘ఆఫెన్’ లాంటి మాట రాసిన గులాబీ రంగు ముక్కను విద్యార్థి చేతికి ఇస్తారు. ఒక అమ్మాయి ‘ద బస్’, ‘లేట్’ అనే ముక్కల మధ్య ‘ఆఫెన్’ పెట్టి వెళ్లి కూర్చోబోతుంటే, ఆయన ‘ఈజ్ యాడికి వోయింది బిడ్డా?’ అని అడిగారు. ఆమె వెనక్కి వచ్చి, పక్కన పడి ఉన్న ఈజ్ ముక్కను వెతికి ఆఫెన్‌కు కుడివైపున పెట్టింది. ఆయన తప్పు అనలేదు. ఆ రెండు ముక్కల స్థానాలను మార్చి, వాక్యాన్ని ఆమె చేతనే పైకి చదివించి, మళ్లీ పాత వరుసలో పెట్టి ఇంకోసారి చదివించారు. చెవికి తేడా తెలిసిన తర్వాతే తర్వాతి వాక్యానికి వెళ్లారు.

సహాయక క్రియలు రెండు మూడు వచ్చే వాక్యాలకు కూడా ఈ ముక్కలు బాగా పనికివచ్చాయి. ‘షి వుడ్ నెవర్ హావ్ మిస్డ్ ద ట్రెయిన్’ అనే వాక్యంలో నెవర్ అనేది వుడ్ తర్వాత, అంటే మొదటి సహాయక క్రియ తర్వాత రావాలని బల్ల మీద చూస్తే ఇట్టే అర్థమవుతుంది. ప్రశ్నల్లో కర్త తర్వాత రావాలి: ‘డు యు ఆఫెన్ గో టు గద్వాల్?’, ‘హావ్ యు ఎవర్ బీన్ టు సోమశిల?’. ఉదాహరణలన్నీ ఇక్కడివే కావడం ఈ తరగతికి ఒక అందం. కురుమూర్తి జాతరకు సాధారణంగా ఎవరితో వెళతారు, బాలానగర్ సీతాఫలాలు అప్పుడప్పుడైనా కొంటారా వంటి ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఎవరూ వెనకాడలేదు.

ఈ భాగం మొత్తంలో అన్నిటికన్నా విలువైనది ‘నాట్’, ‘ఆల్వేస్’ కలిసి వచ్చే వాక్యాల పాఠం. ‘అలారం ఎప్పుడూ మోగదు’ అన్నదాన్ని ఇంగ్లిష్‌లో చెప్పమన్నప్పుడు ఎక్కువమంది ‘ది అలారం ఆల్వేస్ డజ్ నాట్ రింగ్’ అన్నారు. కావలసింది ‘ది అలారం నెవర్ రింగ్స్’. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. తప్పు దిద్దుకునే తొందరలో ఆల్వేస్‌ను నాట్ తర్వాతకు జరిపి ‘డజ్ నాట్ ఆల్వేస్ రింగ్’ అని రాస్తే, వ్యాకరణం ప్రకారం వాక్యంలో ఏ దోషమూ ఉండదు గానీ, మోగితే మోగుతుంది, లేకపోతే లేదు అని అర్థం మారిపోతుంది. ప్లాంటులో పనిచేసినవారికి ఈ రెంటికీ తేడా ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు: మొదటి వాక్యం చదివిన మెయింటెనెన్స్‌వారు అలారంనే మారుస్తారు, రెండోది చదివినవారు వైరింగ్‌లో ఎక్కడ వదులుగా ఉందో వెతకడం మొదలుపెడతారు.

‘ఆఫెన్’ విషయంలో కూడా స్థానం మారితే అర్థం మారుతుందని ఆయన చూపించారు. ‘డజ్ నాట్ ఆఫెన్ రింగ్’ అంటే మోగడం అరుదు; ‘ఆఫెన్ డజ్ నాట్ రింగ్’ అంటే మోగవలసిన చాలా సందర్భాల్లో మోగకుండా పోతుంది. ‘యూజువల్లీ’ నాట్‌కు ముందు వచ్చినా, తర్వాత వచ్చినా పెద్ద తేడా లేదు. ‘సమ్‌టైమ్స్’ను మాత్రం నాట్ తర్వాత పెట్టకూడదు, ‘ఇట్ సమ్‌టైమ్స్ డజ్ నాట్ రింగ్’ అనాలి. ఈ ఒక్క గంట పాఠానికి నేను కట్టిన ఫీజులో చాలా భాగం తీరిపోయిందనే అనుకుంటున్నాను.

దీని పక్కనే నిలబెట్టదగినది ‘ఆల్వేస్’తో ఐఎన్‌జీ రూపం గురించి ఆయన చెప్పిన సంగతి. మనకు ప్రతి క్రియకూ ఐఎన్‌జీ తగిలించే అలవాటు ఉంది కదా. ‘ద సూపర్‌వైజర్ ఆల్వేస్ చెక్స్ ద టెంపరేచర్’ అంటే ఆయన తన పని క్రమం తప్పకుండా చేస్తారని అర్థం. ‘ఈజ్ ఆల్వేస్ చెకింగ్’ అన్నామంటే, మాటల్లో ఎక్కడా లేకపోయినా, అస్తమానం వచ్చి చూస్తూ ప్రాణం తీస్తున్నాడన్న విసుగు వినిపించవచ్చు. మెచ్చుకోవాలని రాసిన వాక్యం ఫిర్యాదులా వినిపించడం ఉద్యోగానికి ఏమంత మంచిది కాదు. ఈ ఊళ్లో నేను చూసిన మెటీరియల్ ఏదీ ఈ సంగతి చెప్పలేదు.

‘ట్వైస్ ఎ వీక్’, ‘ఎవ్రీ మంత్’, ‘డైలీ’ వంటి, లెక్క కచ్చితంగా చెప్పే మాటలు సాధారణంగా వాక్యం చివరికి వెళతాయని చెప్పి త్వరగానే ముగించారు. ‘వారానికి రెండుసార్లు ఫిల్టరు శుభ్రం చేస్తాం’ అనే వరుసలో ఆలోచించి ‘వీ ట్వైస్ ఎ వీక్ క్లీన్ ద ఫిల్టర్’ అనేవారు తరగతిలో ఉన్నారు గనుక ఇంకొంచెం సేపు ఆగి ఉండవలసింది.

ఇక లోపాలకు వస్తే, మొదటిది ఫీజుతో పాటు చేతికిచ్చే జిరాక్సు పుస్తకం. అది పాఠం స్థాయిలో లేదు. మొదటి పేజీలోనే ఆల్వేస్ అంటే 100 శాతం, ఆఫెన్ అంటే 70 శాతం అంటూ ఒక పట్టిక ఉంది. ఇలాంటి పట్టికలు ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంటాయి. యూజువల్లీకి ఒకచోట 80 వేస్తే ఇంకోచోట 90 వేస్తారు. ఏ మాట ఏ మాటకన్నా ఎక్కువో తెలియడానికి వరుసక్రమం చాలు, అంకెలు అక్కర్లేదు. అంతకన్నా ఇబ్బందికరమైనది, వెనక ఇచ్చిన జవాబుల్లో ‘సమ్‌టైమ్స్ ద బస్ కమ్స్ లేట్’ అనే వాక్యాన్ని తప్పుగా గుర్తించడం. సమ్‌టైమ్స్, యూజువల్లీ, అకేషనల్లీ వాక్యం మొదట్లో నిక్షేపంగా రావచ్చు. ఆల్వేస్, నెవర్ మొదట్లో రాకూడదని అదే పుస్తకం రాసింది గానీ, ‘ఆల్వేస్ వేర్ గ్లవ్స్’, ‘నెవర్ ఓపెన్ దిస్ డోర్’ అనే ఆజ్ఞావాక్యాలు మా ప్లాంటు గోడల నిండా ఉన్నాయి, అవన్నీ సరైనవే. ‘ఐ ఆఫెన్ హావ్ టు వెయిట్’ అనే రకం వాక్యాలు పుస్తకంలో అసలు లేవు. అక్కడి హావ్‌ను సహాయక క్రియ అనుకుని దాని తర్వాత ఆఫెన్ పెట్టినవారికి ఉపాధ్యాయులే నోటిమాటగా సర్దిచెప్పవలసి వచ్చింది.

రెండో లోపం బ్యాచ్ కూర్పు. ఉద్యోగులు, టెట్, డీఎస్సీలకు చదివేవారు, 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పటి నుంచి పిల్లల చదువు చూసుకోవడానికి వస్తున్న తల్లులు, అందరినీ ఒకే గదిలో కూర్చోబెడతారు. పరీక్షలకు చదివేవారి పట్టుదల వల్ల ‘నెవర్ హావ్ ఐ సీన్’, ‘రేర్లీ డు వీ మీట్’ వంటి తలకిందుల వాక్యాల మీద ఒక సాయంత్రం అంతా గడిచిపోయింది. నెవర్, రేర్లీ, సెల్డమ్ వాక్యం మొదట్లోకి వస్తే సహాయక క్రియ కర్తకు ముందుకు వస్తుందన్నది బిట్ పేపర్‌కు అవసరమే; మాట్లాడేటప్పుడు ఎవరైనా అలా అంటే మాత్రం ఎదుటివారు ఉపన్యాసం అనుకుంటారు. ఆ సమయంలో ‘యెస్, షి ఆల్వేస్ ఈజ్’ వంటి పొట్టి జవాబులను సాధన చేయించి ఉంటే బాగుండేది. ఈజ్ తర్వాతే ఆల్వేస్ అని అంతవరకు నేర్చుకున్న సూత్రం ఇక్కడ తిరగబడుతుంది, పైగా రోజూ అవసరమయ్యే వాక్యం అది.

షిఫ్టుల్లో పనిచేసేవారికి ఒక సౌకర్యం ఉంది: సాయంత్రం రాలేని వారంలో అదే పాఠాన్ని ఉదయం బ్యాచ్‌లో వినవచ్చు, దానికి అదనంగా ఏమీ తీసుకోరు. గదిలో ఫ్యాన్లు చాలవు కాబట్టి ఎండాకాలంలో చేరేవారు కిటికీ వైపు బల్ల చూసుకోవడం మంచిది. ఉద్యోగం కోసం రాతలో ఇంగ్లిష్ సరిచేసుకోవాలనుకునేవారు పుస్తకాన్ని పక్కన పెట్టి పాఠాన్ని నోట్సు రాసుకోగలిగితే ఇక్కడ చేరవచ్చు. డీఎస్సీ కోసమే అయితే విడిగా పరీక్ష బ్యాచ్ నడిపేచోట చేరడం మేలు. ఫీజు రెండు విడతలుగా కట్టవచ్చు, రసీదు మాత్రం అడిగితేనే ఇస్తారు.