ఐదు వేలు కట్టి మా దుకాణం లొసుగులు తెలుసుకున్నాను

మా అమ్మాయి చదివే డిగ్రీ కాలేజీలో పోయిన జూలైలో సైబర్ భద్రత ప్రాథమికాల మీద పన్నెండు వారాల సర్టిఫికెట్ కోర్సు మొదలుపెట్టారు. బయటివాళ్లు కూడా చేరవచ్చన్నారు. ఫీజు 4,500 రూపాయలు, పరీక్షకు మరో 500. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా తరగతులు. చేరాను, పూర్తి చేశాను. చేరాలా వద్దా అని అడుగుతున్నవాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పలేక ఇలా రాస్తున్నాను. కాలేజీ పేరు మాత్రం రాయను. అమ్మాయికి అక్కడ ఇంకా మూడు సెమిస్టర్లు మిగిలి ఉన్నాయి.

మాది భీమవరం దగ్గర పల్లె. పదకొండేళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాం. జిరాక్సు మిషన్ మా ఆయనది, కంప్యూటర్లు నావి. స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, ఉద్యోగ పరీక్షల ఫారాలు, పింఛను కాగితాలు, హాల్ టికెట్లు అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. కిందటి ఏడాది ఒక పెద్దాయన వచ్చి, "నా మెయిల్ ఎవరో తెరుస్తున్నారట అమ్మాయ్. పాస్‌వర్డ్ నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు కదా" అన్నాడు. నిందగా కాదు, మామూలుగానే అన్నాడు. అయినా ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆ పాస్‌వర్డ్ పెట్టింది నేను. పుస్తకంలో రాసి పెట్టుకున్నదీ నేనే. ఈ కోర్సులో చేరడానికి అసలు కారణం ఆ మాట.

మొత్తం ముప్ఫై ఒక్క మందిమి. అందులో బయటివాళ్లం తొమ్మిది మంది. మిగిలినవాళ్లంతా మా అమ్మాయి ఈడు పిల్లలు. మొదటి రోజు "ఆంటీ, ఇది విద్యార్థుల గది" అని దారి చూపించబోయారు.

ముందు చేదు సంగతి చెప్పేస్తాను. సిద్ధాంతం చెప్పే లెక్చరర్ తెర మీది ఇంగ్లీషు స్లైడ్లు చదవడమే పాఠం అనుకుంటారు. గోప్యత, సమగ్రత, లభ్యత అని మూడు మాటలు రాసి, చుట్టూ త్రిభుజం గీసి, పరీక్షలో ఇది తప్పకుండా వస్తుందని చెప్పి ముందుకు వెళ్లిపోయారు. అవి ఏమిటో నాకు తిరుగు బస్సులో వెలిగింది. ఒకరి ఆధార్ నకలు ఇంకొకరి కంటపడితే గోప్యత పోయినట్టు. దరఖాస్తులో పుట్టిన తేదీని ఎవరో మార్చేస్తే సమగ్రత పోయినట్టు. ఆఖరి తేదీ నాడు సర్వర్ పడిపోతే లభ్యత పోయినట్టు. ఈ మూడోదాని గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పనిని పొరలుగా విడదీసి చూపే ఓఎస్ఐ నమూనాలోని ఏడు పొరలను మూడు తరగతుల పాటు బట్టీ పట్టించారు. నోట్సు జిరాక్సుకు పేజీకి రెండు రూపాయలు వసూలు చేశారు. నన్ను అడిగి ఉంటే రూపాయికే తీసి ఇచ్చేదాన్ని.

కోర్సు విలువంతా ల్యాబులో ఉంది. ల్యాబ్ సార్‌కు ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో. హైదరాబాద్‌లో మూడేళ్లు ఉద్యోగం చేసి వచ్చారు. హ్యాష్ అంటే ఏమిటో ఆయన మర భాషలో చెప్పారు. బియ్యం మర పట్టిస్తే పిండి వస్తుంది, పిండిని మళ్లీ బియ్యం చేయలేం. కానీ ఈ మరలో ఒకే గింజ వేస్తే ఎప్పుడూ ఒకే పిండి వస్తుంది. వెబ్‌సైట్లు మన పాస్‌వర్డ్ బదులు ఆ పిండిని దాచుకోవాలి. దొంగ దాన్ని వెనక్కి తిప్పడు. జనం వాడే గింజలన్నీ తెచ్చుకుని ఒక్కొక్కటే మరలో వేసి, ఏ పిండి సరిపోతుందో చూస్తాడు. ఆ గింజల బస్తా కూడా సిద్ధంగానే ఉంది. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు బయటికి పోయాయి. వాళ్లు మర పట్టించే పని కూడా పెట్టుకోలేదు, ఉన్నవి ఉన్నట్టే దాచారు. ఆ జాబితానే ఈనాటికీ ల్యాబుల్లో పరీక్షకు వాడుతున్నారు. ఇక సాల్ట్ అంటే, ఒక్కో గింజతో పాటు వేరే వేరే ఉప్పు కలిపి మర పట్టడం. అప్పుడు ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా పిండి ఒకటి కాదు.

తరవాత ఎవరికి వారు ఒక పాస్‌వర్డ్ హ్యాష్ చేసి ఇవ్వమన్నారు. నేను మా దుకాణం పద్ధతిలోనే ఇచ్చాను: మనిషి పేరు, చివర @123. పేర్ల జాబితాకు తోక తగిలించి చూడమని సార్ పాస్‌వర్డులు ఊహించే సాధనానికి ఒక చిన్న ఆజ్ఞ ఇచ్చారు. నేను నీళ్ల సీసా మూత తిప్పేలోపు నాది తెర మీదికి వచ్చింది. పక్కన కూర్చున్న కుర్రాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పదకొండేళ్లలో సుమారు ఆరు వందల మందికి నేను మెయిల్ ఖాతాలు తెరిచాను. అన్నింటికీ తోక అదే.

పాస్‌వర్డుల విషయంలో లెక్చరర్‌కూ ల్యాబ్ సార్‌కూ పొసగదు. తొంభై రోజులకోసారి మార్చాల్సిందేనని లెక్చరర్ పట్టుదల. ఆ పద్ధతికి కాలం చెల్లిందని ల్యాబ్ సార్ వాదన. అమెరికాలో ప్రమాణాలు తయారుచేసే ఎన్ఐఎస్‌టీ అనే సర్కారు సంస్థ 2017లోనే గడువు పెట్టి మార్పించడం వద్దని చెప్పింది. 2003లో ఆ సంస్థ కోసం పాత సలహాలు రాసిన బిల్ బర్ అనే ఆయనే, తాను రాసినదానిలో చాలా భాగానికి ఇప్పుడు బాధపడుతున్నానని 2017లో ఒప్పుకున్నారు. మూడు నెలలకోసారి మార్చమంటే జనం చివరి అంకె ఒక్కటి పెంచి ఊరుకుంటారట. మా దగ్గరికి వచ్చేవాళ్లయితే ఆ శ్రమ కూడా పడరు. నా ఓటు ల్యాబ్ సార్‌కే. పరీక్షలో మాత్రం మార్కుల కోసం తొంభై రోజులనే రాశాను.

నెట్ మీద పోయే సమాచారాన్ని పట్టి చూపే వైర్‌షార్క్ అనే సాధనం తరగతికి పిల్లలు ఎక్కువ ముచ్చటపడ్డారు. ల్యాబులోనే ఒక ఉత్తుత్తి సైటు పెట్టి, సమాచారాన్ని దాచకుండా పంపే హెచ్‌టీటీపీలో లాగిన్ అయితే పాస్‌వర్డ్ అక్షరం అక్షరం ఎలా కనిపిస్తుందో చూపించారు. సమాచారాన్ని గుప్తంగా మార్చి పంపే హెచ్‌టీటీపీఎస్ పెట్టగానే అదంతా చెత్తగా మారిపోయింది. అయితే నాకు ఉపయోగపడింది ఆ తరవాత సార్ అన్న మాట. తాళం గుర్తు ఉంటే దారి మూసి ఉందని మాత్రమే అర్థం, దారి చివర ఉన్నవాడు మంచివాడని కాదు. దొంగ సైటుకూ తాళం ఉంటుంది. ఇన్నాళ్లూ నేను "తాళం ఉంది, పరవాలేదు" అంటూ వచ్చినవాళ్లకు ధైర్యం చెబుతున్నాను.

ఆరో వారంలో "మీ హాల్ టికెట్ సిద్ధం" అని మా అందరికీ మెయిల్ వచ్చింది. పంతొమ్మిది మందిమి నొక్కాం. రోజుకు నలభై హాల్ టికెట్లు తీసే నేను కూడా నొక్కాను. అది ల్యాబ్ సార్ పెట్టిన పరీక్ష. సైటు చిరునామా ఎలా చదవాలో ఆ రోజు నేర్పారు. రెండు ఏటవాలు గీతలు దాటాక మళ్లీ ఒక గీత వస్తుంది. దానికి ముందున్న భాగాన్ని వెనక నుంచి చదువుకుంటూ రావాలి. ఉత్తరం మీద మన ఊరి పేరు ఎంత పెద్దగా రాసినా, కింద జిల్లా వేరేది ఉంటే ఉత్తరం అక్కడికే పోతుంది కదా, అలా. సర్కారు సైట్లలో చాలావాటికి చివర జీఓవీ డాట్ ఇన్ ఉంటుంది. అది మధ్యలో ఎక్కడో ఉండి చివర ఇంకేదో ఉంటే సర్కారుది కాదు. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా కొల్లగొట్టినప్పుడు కూడా, దొంగలు లోపలికి వచ్చింది ఉద్యోగులకు పంపిన ఇలాంటి మెయిళ్ల ద్వారానే అని దర్యాప్తులో తేలింది. ఇది విన్నాక, నొక్కినందుకు పడ్డ సిగ్గు కాస్త తగ్గింది.

కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై అనే దొంగ ప్రోగ్రాం కథ అందరికీ తెలిసిందే, కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూడటం నాకు అదే మొదటిసారి. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ సవరణ ఇచ్చింది 2017 మార్చిలో. దాడి జరిగింది మే 12న. మధ్యలో రెండు నెలలు ఉన్నాయి. అప్‌డేట్ చేయని యంత్రాలు ప్రపంచమంతటా మూతపడ్డాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లలో కొన్నింటికి కూడా అది సోకింది. మా దుకాణంలో అప్‌డేట్లు నేనే ఆపేశాను, జనం వరసలో నిలబడ్డ వేళ అవి మొదలవుతాయని. ఒక యంత్రంలో ఇప్పటికీ విండోస్ 7 ఉంది. దానికి 2020 జనవరిలోనే మద్దతు ఆగిపోయింది. పాత స్కానర్ దాని మీద తప్ప పని చేయదు. ల్యాబ్ సార్‌ను అడిగితే దానికి నెట్ తీగ పీకేసి స్కానింగుకు మాత్రమే వాడమన్నారు. ఇంటికి వచ్చిన రోజే ఆ పని చేశాను. కోర్సులో నాకు పైసా ఖర్చు లేకుండా దొరికిన సలహా అదే.

చట్టం తరగతికి మాత్రం సున్నా మార్కులు. 2000 నాటి ఐటీ చట్టంలో, నెట్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పంపితే శిక్ష వేసే 66ఏ సెక్షన్‌ను ఇప్పుడు అమలులో ఉన్నట్టే చెప్పారు. సుప్రీంకోర్టు దాన్ని 2015లోనే కొట్టేసింది. నా వెనక బెంచీలో కూర్చున్న జూనియర్ వకీలు లేచి చెబితే, "సిలబస్‌లో ఉంది" అన్నారు. వ్యక్తిగత సమాచార రక్షణ కోసం 2023లో వచ్చిన చట్టం ఊసే లేదు. మా లాంటి దుకాణాలవాళ్లకు కావలసింది అదే.

కానీ అదే రోజు చివరి అరగంటలో ల్యాబ్ సార్ వచ్చి, సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరు గురించి చెప్పారు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే చేయాలి, ఎందుకంటే దొంగలు దాన్ని ఖాతా నుంచి ఖాతాకు దూకిస్తారు, అది ఎక్కడో ఒకచోట ఆగి ఉండగా పట్టుకోవాలి. చేతిలో యూపీఐ లావాదేవీ తాలూకు 12 అంకెల నంబరు ఉండాలి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టమన్నారంటే పంపమన్నట్టే. తరవాతి నెలలో మా ఊరి రొయ్యల రైతు భార్య ఏడుస్తూ వచ్చింది. 22,000 పోయాయి. నలభై నిమిషాల లోపే 1930కి చేయించి, సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించాను. 14,000 దారిలో ఆగాయి. నా ఫీజు ఆ రోజే చెల్లిపోయిందని మా ఆయన అంటాడు.

వసతుల సంగతి. ఇరవై నాలుగు కంప్యూటర్లలో పదిహేడు పని చేస్తాయి. నాలుగు జీబీ ర్యామ్ మీద, కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్, అందులో భద్రత పరీక్షించే సాధనాలుండే కాలీ లినక్స్. తెర మీద ఏదైనా కనిపించేలోపు కాంటీన్‌కు వెళ్లి టీ తాగి రావచ్చు. ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు సొంతది తెచ్చుకోండి. కిటికీ పక్క వరసలో ఫ్యాన్లు తిరగవు.

తొమ్మిదో వారం వెబ్ లోపాల పాఠం. చిరునామాలో నంబరు మార్చి ఇంకొకరి సమాచారం చూడగలిగితే అది ఎంత పెద్ద తప్పో ఉత్తుత్తి సైటు మీద చూపించారు. పరీక్షలయ్యాక కాలేజీ వాళ్లు ఫలితాల పేజీ పెట్టారు. చిరునామా చివర నా రోల్ నంబరు ఉంది. చెయ్యి ఊరుకోలేదు. ఒక అంకె పెంచాను. పక్క కుర్రాడి మార్కులు, ఫొటో, ఫోన్ నంబరు వచ్చేశాయి. వెంటనే మూసేసి ల్యాబ్ సార్‌కు ఫోన్ చేశాను. ఆయన ముందు మెచ్చుకున్నారు, తరవాత మెత్తగా మందలించారు: అనుమతి లేకుండా ఎవరి సైటులోనూ ఇలా తడమకూడదు, ఐటీ చట్టం 43వ సెక్షన్ గుర్తు పెట్టుకోండి మేడమ్ అని. తొమ్మిది రోజులకు సరిచేశారు. లెక్చరర్ మాత్రం ఎదురుపడినప్పుడల్లా "మీరు నంబరు ఎందుకు మార్చారు?" అనే అడుగుతున్నారు.

ఉద్యోగం కోసమైతే ఇది చాలదు. ఆ సర్టిఫికెట్ చూపిస్తే ఎవరూ పిలవరు. దుకాణాలవాళ్లు, చిన్న ఆఫీసుల్లో లెక్కలు చూసేవాళ్లు, బడి గుమస్తాలు చేరవచ్చు. చేరే ముందు ల్యాబ్ సార్ ఈ ఏడాది కూడా ఉన్నారో లేదో కనుక్కోండి. ఆయన లేకపోతే డబ్బు దండగ.

ఇక ఆ పుస్తకం. నీలం అట్ట, రెండు వందల పేజీలది. రోజుకు పది మంది చొప్పున ఫోన్ చేసి పిలిపించి, వాళ్ల చేతే కొత్త పాస్‌వర్డ్ పెట్టించి, పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టి, నా పుస్తకంలో ఆ గీత కొట్టేస్తూ వస్తున్నాను. ఇంకా నలభై చిల్లర మిగిలాయి. కొందరి నంబర్లు పని చేయడం లేదు. మిగిలినవాళ్లు మార్చుకోమంటే ఒప్పుకోవడం లేదు. అందరికంటే ముందు పిలిచింది ఆ పెద్దాయననే. కొత్తది ఆయన చేతే కొట్టించాను, చూడకుండా మొహం అటు తిప్పుకున్నాను. లేచి వెళ్తూ జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. "రాసుకో అమ్మాయ్, నేను మరిచిపోతాను."