డీజిల్ జీపుకు కాపర్ ఫ్యూయల్ లైను: కారదు, గాలి పీలుస్తుంది

పాత డీజిల్ జీపును విప్పి మళ్లీ కట్టించేవాళ్లలో చాలామంది ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ను ఇంజనుకు లాగే పంపు) దాకా కాపర్ పైపే వేయిస్తారు. ఏసీ సామాన్ల షాపులో చుట్టగా దొరుకుతుంది, తుప్పు పట్టదు, చేత్తోనే వంగుతుంది. అన్నీ నిజమే. మా జీపులో ఏళ్లుగా అదే ఉంది. ఛాసిస్ వెంట పోయిన భాగం ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. నా కోపమంతా ఇంజను దగ్గరి చివరి జానెడు మీదే.

అక్కడ పగిలితే డీజిల్ కారదు, అదే అసలు తంటా. ట్యాంకు కింద ఉంటుంది, ఫీడ్ పంపు దానికన్నా ఎత్తులో ఉంటుంది. అంటే ఈ లైనును పంపు పీల్చుకుంటోంది, లోపల ఒత్తిడంటూ ఉండదు. ఫ్లేరు (నట్టుతో బిగించడానికి విప్పార్చిన పైపు మూతి) వెనక వెంట్రుకంత చీలిక వచ్చినా డీజిల్ బయటికి రాదు, బయటి గాలి లోపలికి పోతుంది. రాత్రంతా బండి ఆపితే లైనులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది, పొద్దున్నే సెల్ఫ్ కొడుతూనే ఉండాలి. స్టార్టయినా స్లోలో ఊగి ఆగిపోతుంది. ట్యాంకు నిండుగా ఉంటే ఏ గోలా ఉండదు, సగానికి దిగాక మొదలవుతుంది. కింద తడి కనిపించదు కాబట్టి పైపు మీద ఎవరికీ అనుమానం రాదు. ఫిల్టరు మారుతుంది, ఫీడ్ పంపు కిట్ మారుతుంది, చివరికి సిలిండర్లకు డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు విప్పుదామనే దాకా మాట వస్తుంది. అది విప్పించే ముందు ఈ రెండు పరీక్షలు చేయించండి.

ఫీడ్ పంపుకు డీజిల్ వచ్చే చోట అడుగు పొడవు పారదర్శక గొట్టం తాత్కాలికంగా కలిపి ఇంజను ఆడించాలి. అందులో బుడగలు వరుసగా వస్తుంటే గాలి వెనకనుంచే వస్తోందని ఖాయం. తర్వాత ట్యాంకు దగ్గర లైను విప్పి, ఫీడ్ పంపు వైపు మూసేసి, సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొడుతూ జాయింట్లన్నిటికీ సబ్బునీళ్లు పూయాలి. మా జీపులో నట్టు వెనక నుంచి సన్నగా నురగ వచ్చింది. విప్పి చూస్తే ఫ్లేరు మెడ దగ్గర సగం చుట్టూ నల్లటి గీత. పరీక్షయ్యాక ఆ పారదర్శక గొట్టం తీసేయండి, డీజిల్‌కు అది గట్టిపడి పగులుతుంది.

కారణం కాపర్ స్వభావంలోనే ఉంది. ఎంత మెత్తగా వంగుతుందో, కదిలినకొద్దీ అంత గట్టిపడి పెళుసవుతుంది. తీగను అటూఇటూ వంచి తెంపినట్టే. ఇంజను రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, ఛాసిస్ ఊగదు. రెంటినీ ఒకే పైపుతో కలిపితే ఆ కదలికంతా ఫ్లేరు మెడ మీద పడుతుంది. పైపును రెండు చుట్లు తిప్పి స్ప్రింగులా వదిలితే పగుళ్లు ఆలస్యమవుతాయి తప్ప ఆగవు. పగిలిన చోట టంకం వేయించడం అసలే వద్దు. మామూలు టంకం 190 డిగ్రీల లోపే కరగడం మొదలవుతుంది, ఇంజను గదిలో ఊపుకూ నిలవదు.

నిలిచిన పరిష్కారం ఇది. కాపర్‌ను ఛాసిస్ మీదే ఆపేసి, అక్కడినుంచి ఫీడ్ పంపుకు 30 సెంటీమీటర్ల డీజిల్ హోసు, అంటే డీజిల్‌కు తట్టుకునే రబ్బరు గొట్టం. పైపు 5/16 అంగుళమైతే 8 మిల్లీమీటర్ల హోసు సరిపోతుంది. జారకుండా పైపు చివర చిన్న ఉబ్బు కావాలి. డబుల్ ఫ్లేర్ పనిముట్టుతో మొదటి దశ నొక్కి ఆపితే అది వస్తుంది. రెండు చివరలా క్లిప్పులు. హోసు మొదలయ్యే చోటికి నాలుగంగుళాల లోపే పైపుకు రబ్బరు క్లిప్పు పడాలి, ఆ తర్వాత అడుగుకొకటి. రబ్బరు లేకుండా ఇనుముకు తగిలితే తడి చేరి ఛాసిస్సే తుప్పు పడుతుంది. కట్టర్‌తో కోసినప్పుడు అంచు లోపలికి మడుచుకుంటుంది, దాన్ని గీకి, రజను ఊది తీయకపోతే నేరుగా ఫిల్టరుకు చేరుతుంది.

గట్టిపడిన పైపును మళ్లీ మెత్తబరచవచ్చు. బండి నుంచి తీసి, డీజిల్ పూర్తిగా కడిగి ఆరబెట్టి, నీడలో మసక ఎరుపు కనిపించేదాకా కాల్చి నీళ్లలో ముంచాలి. ఉక్కులా గట్టిపడదు, మెత్తబడుతుంది. లోపల నల్లటి పొక్కు ఊడుతుంది, గాలితో ఊది డీజిల్‌తో కడగాలి. పగులు పడ్డ ముక్కకు మాత్రం ఇది పనికిరాదు, కోసి పారేయాల్సిందే.

తుప్పు పట్టదన్న మెప్పుకూ ఒక మెలిక ఉంది. కాపర్ తగిలితే ఇంధనం త్వరగా పాతబడి జిగురు కడుతుంది. రోజూ తిరిగే బండిలో ఆ తేడా తెలియదు. నెలల తరబడి షెడ్డులో ఉండే బండికి ఫిల్టరు త్వరగా మూసుకుంటుంది. పెట్రోల్‌కూ ఇదే గొడవ. పెట్రోల్ ఇంజెక్షన్ బండిలో లైను ఒత్తిడి 3 బార్ దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ చీలిక వస్తే గాలి పీల్చదు, వేడి సైలెన్సర్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. అందులో కాపర్ వేయనివ్వను. బ్రేకు లైనుకైతే ఏ బండిలోనూ వద్దు.

మా జీపు పాత డీజిల్, నడిచేది ఎక్కువగా పొలం దారిలో, ఊరి చుట్టూ. హోసు పడ్డాక గాలి గొడవ లేదు, ఛాసిస్ మీది కాపర్‌ను మార్చే ఉద్దేశం లేదు. కొత్తగా కట్టించే బండైతే, హైవే మీద రోజూ తిరిగేదైతే, పదో వంతు నికెల్ కలిసిన కుప్రోనికెల్ పైపు వేయిస్తాను. ఖర్చెక్కువ, వంచడానికి కాస్త గట్టి, ఫ్లేరు తీసేటప్పుడు ఓపిక కావాలి. ఊపుకు మాత్రం కాపర్ కన్నా బాగా ఓర్చుకుంటుంది. ఇంజను దగ్గర హోసు ముక్క దానికీ తప్పదు.