తెల్లవారుజాము ప్రార్థనా, రోజంతా చిన్న ప్రార్థనలా?

మొదటిదానికి బైబిలులో మార్కు సువార్త 1:35లో యేసుప్రభువే మాదిరి: ఇంకా చీకటి ఉండగానే లేచి, ఏకాంతంగా ప్రార్థించారు. ఆ వేళ ఫోన్ మోగదు, మనసు విప్పి చెప్పుకోవచ్చు. కానీ హైటెక్ సిటీలో షిఫ్టు ముగించుకుని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరేవాళ్లకు ఇది నిలవదు. నాలుగు రోజులు తప్పితే సిగ్గుపడి అసలుకే మానేస్తారు. మొదటిరోజే గంట పెట్టుకోవడం పొరపాటు. పది నిమిషాలు చాలు: రెండు స్తుతికి, మూడు బైబిలు వాక్యానికి, ఐదు విజ్ఞాపనకు.

రెండోదానికి నెహెమ్యా 2:4 చూడండి. పర్షియా రాజు కొలువులో ఉన్న నెహెమ్యా, రాజు అడిగిన ప్రశ్నకు జవాబిచ్చే ముందే ప్రార్థించాడు. ఇక్కడ కిటుకు, ప్రార్థనను రోజూ చేసే పనికి ముడివేయడం. కుక్కర్ పొయ్యి మీద పెట్టగానే పిల్లల కోసం. మెట్రో తలుపులు మూసుకోగానే "ప్రభువా, నా నోటికి కావలి ఉంచు" అని. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు, మెట్లెక్కుతూ, జబ్బుపడిన ఒక్కరి పేరు. "వీలైనప్పుడు చేస్తాలే" అనుకుంటే సాయంత్రానికి ఒక్కటీ జరగదు. ఇంకో లోటు: అడగడమే మిగిలి, పాపపు ఒప్పుకోలు జారిపోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి మా మాట రెండోదే. అలాంటి రెండు ముడులతో మొదలుపెట్టి, అవి కుదిరాక మూడోది చేర్చండి. ఒప్పుకోలుకు మాత్రం రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు, లైటు ఆర్పకముందే. ఆర్పాక నిద్ర ముంచుకొస్తుంది.