ఫోర్క్ స్ప్రింగులు కొంటున్నారా? బిగించే ముందు చుట్లు లెక్కపెట్టుకోండి

పాత బండ్లున్న వాళ్ళందరికీ ఒక మాట, బైక్ ముందు చక్రం షాక్స్‌కి, అదే ఫోర్క్‌కి, "హెవీ డ్యూటీ ప్రోగ్రెసివ్" (నొక్కేకొద్దీ గట్టిపడేవి) అని డబ్బా మీద రాసి అమ్మే స్ప్రింగులు కొనే ముందు ఇది చదవండి. నేను మోసపోయా. అందులో సగం తప్పు నాదే, అదీ చెప్తా.

నా బండి పాతది, ఫోర్క్ ట్రావెల్ (పైకీ కిందకీ కదిలే దూరం) 130 ఎంఎం, బ్రేక్ కొడితే ముక్కు నేలకి ఆనేంత వంగేది. స్ప్రింగులు తీసి కొలిస్తే 381 ఎంఎం, సర్వీస్ మాన్యువల్‌లో పొడవు 388 కంటే తగ్గితే మార్చెయ్యమని ఉంది. సరే అని ఆన్‌లైన్‌లో ఒక సెట్ తెప్పించా. డబ్బా తెరిచి చేత్తో పట్టుకుంటే పాతవాటికన్నా బరువుగా ఉన్నాయి, పొడవు కూడా 410. అబ్బో గట్టి సరుకే అనుకున్నా, అక్కడే బోల్తా పడ్డా.

కూడా వచ్చిన కాగితంలో "పాత స్పేసర్ యథాతథంగా వాడండి" అని ఉంటే, స్ప్రింగ్ మీద పెట్టే ఆ గొట్టం ముక్కని అలాగే వేసేశా. ఫోర్క్‌ని పైన మూసే టాప్ క్యాప్ బిగించడానికి నా ప్రాణం తోకకొచ్చింది, ఇద్దరం కలిసి నొక్కితే గానీ మర పడలా. (ఆ క్యాప్ విప్పేటప్పుడు మొహం మాత్రం పైన పెట్టకండి బాబూ, తూటాలా లేస్తుంది.) బండి కొంచెం ఎత్తుగా నిలబడింది, నేను కూర్చున్నాక సాగ్ (బరువుకి ఫోర్క్ కుంగే లోతు) 42 నుంచి 27 ఎంఎంకి వచ్చింది, చాలా మంది చెప్పే 30-35కి దగ్గరగానే ఉంది కదా అని సంబరపడ్డా.

రెండో రోజు గట్టిగా బ్రేక్ కొట్టగానే ఫోర్క్ సర్రున దిగి మధ్యలో "టక్" మని ఇనుము ఇనుముకి కొట్టుకున్నట్టు ఆగిపోయింది, హ్యాండిల్ చేతుల్లోంచి అదిరింది, స్పీడ్‌బ్రేకర్ దిగేటప్పుడైతే పైన "టంగ్" మని ఇంకో చప్పుడు. వారంలో ఎడమవైపు ఆయిల్ సీల్ కారడం మొదలైంది.

అప్పుడు మళ్ళీ విప్పి, మొదటే చేయాల్సిన పని చేశా, వెర్నియర్ పెట్టి కొలిచా. తీగ మందం పాతదీ 4.0, కొత్తదీ 4.0. బయటి చుట్టు కొలత కూడా ఒకటే. చుట్లు పాతదానికి 54, కొత్తదానికి 66. స్ప్రింగ్ గట్టిదనం అనేది పొడవుని బట్టి రాదు, తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య, ఈ మూడే, తీగ అదే రకం అయితే. చుట్లు పెరిగితే స్ప్రింగ్ మెత్తబడుతుంది. 54ని 66తో భాగిస్తే 0.82, అంటే నేను హెవీ డ్యూటీ అని కొన్నది నా పాత స్ప్రింగ్ కన్నా 18 శాతం మెత్తన! బరువు ఎందుకంటే తీగ ఎక్కువ పట్టింది, అంతే.

మరి బండి ఎత్తుగా ఎందుకు నిలబడింది? 29 ఎంఎం పొడుగున్న స్ప్రింగ్‌ని అదే గొట్టంలో, అదే స్పేసర్‌తో కుక్కితే ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే నొక్కి పెట్టిన మేర, 20 నుంచి 49 ఎంఎం అయింది. ముందే నొక్కి పెట్టాం కాబట్టి మొదట్లో గట్టిగా అనిపిస్తుంది, సాగ్ కూడా బాగున్నట్టే చూపిస్తుంది, బ్రేక్ పడ్డాక అసలు రంగు బయటపడుతుంది.

ఆ టక్ సంగతి ఇంకా ఘోరం. 66 చుట్లు ఇంటూ 4 ఎంఎం, 264. అంటే చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుంటే 264 కన్నా కిందకి నొక్కుకోదు. 410లోంచి తీసేస్తే మిగిలింది 146, అందులో ప్రీలోడే 49 తినేసింది, ఇక 97 ఎంఎం దిగగానే స్ప్రింగ్ ఇనప కడ్డీ అయిపోతుంది. ట్రావెలేమో 130. స్పేసర్ 29 కోసేసి పెడదామా అని కూడా లెక్కేశా, అప్పుడూ 126 దగ్గర కడ్డీయే, పైగా ముక్కు ముందుకన్నా ఎక్కువ కుంగుతుంది. ఎటు చూసినా పనికిరాని సరుకు.

రెండోది చుట్లు లెక్కపెడితే 63! జత అని అమ్మారు, జతే కాదు. ప్రోగ్రెసివ్ అన్నారు గానీ చివర్లో దగ్గర దగ్గరగా చుట్టిన భాగమే లేదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఎడం.

అమ్మినతన్ని అడిగితే "ఆయిల్ అంటిన పార్ట్ వాపస్ తీసుకోం సార్" అన్నాడు. ఆయిల్ అంటకుండా ఫోర్క్‌లో ఎలా పెడతారయ్యా అంటే ఫోన్ కట్. బిగించక ముందు కొలతలతో ఫొటోలు తీసుకోలేదు, అదీ నా తప్పు. మీరు మాత్రం డబ్బా తెరవగానే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, వెర్నియర్ అంకె కనిపించేలా ఫొటో తీసి, అప్పుడు గానీ ఆయిల్‌లో ముంచకండి. తీగ 4.0 బదులు 4.2 ఉన్నా చాలు, మిగతావి అవే అయితే దాదాపు 22 శాతం గట్టిపడుతుంది, కాబట్టి కంటి అంచనా పనిచేయదు.

ప్రస్తుతానికి పాత స్ప్రింగులే మళ్ళీ వేసి, స్పేసర్ మాత్రం 10 ఎంఎం పెంచి, కొత్త సీల్స్‌తో నడుపుతున్నా. ఆయిల్ లెవెల్ స్ప్రింగ్ బయట పెట్టి, ఫోర్క్ పూర్తిగా కిందకి నొక్కి కొలిచా, మొదటిసారి అదీ చూడలేదు. ఇంకో ఇద్దరు అమ్మేవాళ్ళకి తీగ మందం ఎంత, చుట్లు ఎన్ని, ఎన్ని ఎంఎం దగ్గర ఆనుకుంటాయి అని మూడే మూడు ప్రశ్నలు పంపా. ఒకతను గంటలో కొలిచి ఫొటో పెట్టాడు. రెండో అతను మెసేజ్ చూసినట్టు టిక్ పడి నాలుగు రోజులైంది.