మెయిల్‌మ్యాన్ 3తో సొంత మెయిల్ సర్వర్: నాలుగేళ్ల వాడకం తరువాత

పద్యాలు, పాత నిఘంటువులు, మాటల పుట్టుపూర్వోత్తరాల గురించి ఉత్తరాలు రాసుకొనే మా బృందంలో ఇప్పుడు 300 మందికి పైగా సభ్యులున్నారు. వారిలో సగానికి పైగా అరవై దాటినవారే. కొందరు విజయవాడ, హైదరాబాదుల్లోను, కొందరు బెంగుళూరులోను, మిగిలినవారు అమెరికాలోను ఉంటారు. కొత్త యాప్ నేర్చుకొనే ఓపిక చాలామందికి లేదు. మెయిల్ మాత్రం అందరికీ అలవాటే. ఏళ్ల తరబడి వాడుకొన్న ఒక ఉచిత సేవ మూతపడినప్పుడు, మా ఉత్తరాల నిల్వను ఇకమీదట మరొకరి దయకు వదలకూడదని నిశ్చయించుకొని, 2021 చివర్లో ఒక అద్దె సర్వర్ తీసుకొని, డెబియన్ 11 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఉత్తరాలను పంపే, అందుకొనే పోస్ట్‌ఫిక్స్, ఒకరు రాసిన ఉత్తరాన్ని సభ్యులందరికీ పంచే మెయిలింగ్ జాబితాను నడిపే మెయిల్‌మ్యాన్ 3, స్పామ్‌ను వడపోసే ఆర్‌స్పామ్‌డి, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేసు అమర్చాను. అప్పటి నుండి దాని మంచిచెడ్డలు నేనే చూసుకొంటున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ సాఫ్ట్‌వేర్ నమ్మదగినది. కాని సాఫ్ట్‌వేర్‌ను అమర్చడం ఈ పనిలో పదో వంతు మాత్రమే. మన సర్వర్ నుండి బయలుదేరే ఉత్తరాన్ని అవతలి సర్వర్లు నమ్మేలా చేసుకోవడం, సంపాదించిన ఆ నమ్మకాన్ని పోగొట్టుకోకుండా కాపాడుకోవడం మిగిలిన తొమ్మిది వంతులు.

వీటిలో పోస్ట్‌ఫిక్స్ గురించి చెప్పవలసింది తక్కువ. వియెట్సె వెనెమా ఐబీఎం పరిశోధనశాలలో పనిచేస్తూ రాసి 1998లో బయటపెట్టిన ఈ కార్యక్రమం (ప్రోగ్రామ్) నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తనంతట తాను ఆగిపోలేదు. అవతలి సర్వర్ తాత్కాలికంగా నిరాకరించిన ఉత్తరాన్ని వరుసలో ఉంచి, మనం ప్రత్యేకంగా మార్చకపోతే ఐదు రోజుల వరకు మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది. సర్వర్ తన పనులను రాసిపెట్టుకొనే లాగ్ చదవడం అలవాటైతే ఏ ఉత్తరం ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

మెయిల్‌మ్యాన్ విషయం అంత సులువు కాదు. పాత మెయిల్‌మ్యాన్ 2 ఒకే ముద్దగా ఉండేది. అది ఆధారపడిన పైథాన్ 2 భాషకు 2020 జనవరి 1తో నిర్వహణ ముగిసింది కనుక, కొత్తగా మొదలుపెట్టేవారు 3నే తీసుకోవాలి. 2015లో వెలువడిన ఈ మూడో తరంలో పని మూడు భాగాలకు పంచబడింది: ఉత్తరాలను సభ్యులకు పంచిపెట్టే కోర్, జాబితా అమరికలను బ్రౌజర్‌లో చూపే పోస్టోరియస్, పాత ఉత్తరాలను దాచి, చదువుకోవడానికి చూపే హైపర్‌కిటీ. పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాన్ని 8024వ పోర్టులో (కార్యక్రమాలు మాట్లాడుకొనే ద్వారం) కోర్‌కు అందిస్తుంది; పోస్టోరియస్ 8001వ పోర్టులో కోర్‌తో మాట్లాడుతుంది; కోర్ ప్రతి ఉత్తరం నకలును హైపర్‌కిటీకి పంపుతుంది. ఈ ముగ్గురి మధ్య సంకేతపదాలు వేర్వేరు ఫైళ్లలో ఉంటాయి, ఒకచోట రాసినదే రెండోచోట అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. నిల్వకు సంబంధించిన సంకేతపదం, అంటే తాళం, నేను మొదట తప్పు రాశాను. ఉత్తరాలు సభ్యులకు చక్కగా అందుతూనే ఉన్నాయి కనుక తొమ్మిది రోజుల వరకు నాకు తెలియలేదు, నిల్వలో మాత్రం ఒక్కటీ చేరలేదు. అదృష్టవశాత్తు మెయిల్‌మ్యాన్ వాటిని ఒక పక్కన దాచి ఉంచింది. తాళం సరిచేసిన తరువాత వచ్చిన మొదటి ఉత్తరంతో పాటు అవన్నీ వరుసగా నిల్వలోకి వెళ్లాయి. పోయిందనుకొన్నది తిరిగి దొరికిన ఆ రోజే ఈ సాఫ్ట్‌వేర్ మీద నాకు గురి కుదిరింది.

కోర్ ఒక్కో పనికి ఒక్కో పైథాన్ ప్రక్రియను నడుపుతుంది కనుక జ్ఞాపకశక్తి (ర్యామ్) ఎక్కువ కావాలి. 1 జీబీ సర్వర్‌తో మొదలుపెట్టి, హైపర్‌కిటీ తెరిచిన ప్రతిసారీ యంత్రం ఊపిరాడక కొట్టుకోవడం చూసి, నెల తిరగకుండానే 2 జీబీకి మారాను.

ఇక నమ్మకం సంపాదించడం. చాలా అద్దె సర్వర్ సంస్థలు మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు అందించుకొనే 25వ పోర్టును బయటి దిశలో మూసి ఉంచుతాయి. ఎందుకు కావాలో రాసి పంపితే తెరుస్తాయి, కొన్ని ఎంత అడిగినా తెరవవు. సర్వర్ తీసుకొనే ముందే ఈ ప్రశ్న అడగాలి. నాకు దొరికిన ఐపీ చిరునామాను అంతకు ముందు వాడినవారెవరో స్పామ్ పంపి ఉన్నారు, అది నిషేధ జాబితాల్లో ఉంది. దానిని శుభ్రం చేయించడానికి మూడు వారాలు తిరిగి, చివరికి వేరే చిరునామా అడిగి తీసుకొన్నాను. మొదటి రోజే అలా అడిగి ఉండవలసింది. ఆ చిరునామాను వెనక్కు వెతికితే మన సర్వర్ పేరే రావాలి, ఆ పేరును వెతికితే మళ్లీ అదే చిరునామా రావాలి. ఈ వెనుకదారి రికార్డును డొమైన్ అమ్మినవారి దగ్గర కాక సర్వర్ అద్దెకిచ్చినవారి దగ్గర పెట్టించుకోవాలి. మన డొమైన్ తరఫున ఎవరు పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్, ప్రతి ఉత్తరం మీద వేసే డీకిమ్ సంతకం, ఆ రెండూ తప్పితే ఏం చేయాలో అవతలివారికి చెప్పే డీమార్క్, ఈ మూడూ తప్పనిసరి. డీకిమ్‌కు 2048 బిట్ల తాళం వాడితే, అది డొమైన్ వివరాలను లోకానికి చెప్పే డీఎన్ఎస్ రికార్డులో ఒక్కో ముక్కకు ఉన్న 255 అక్షరాల హద్దు దాటుతుంది, కనుక ముక్కలుగా రాయాలి. ఒకే ముక్కగా అతికించి, సంతకం ఎందుకు చెల్లడం లేదో తెలియక ఒక సాయంత్రమంతా పోగొట్టుకొన్నాను.

ఇవన్నీ సరిగ్గా ఉన్న సర్వర్‌ను కూడా జాబితా అనేది ఎలా ఇబ్బంది పెడుతుందో 2022లో తెలిసింది. ఒక సభ్యుడు ఉత్తరం రాసినప్పుడు, పంపినవారి స్థానంలో ఆయన చిరునామాయే ఉంటుంది, కాని ఇతరులకు అందించేది మన సర్వర్. కనుక ఎస్‌పీఎఫ్ ఆయన డొమైన్‌తో పొసగదు. జాబితా పేరును విషయం ముందు చేర్చి, అడుగున నాలుగు పంక్తులు కలపడంతో ఆయన డీకిమ్ సంతకం కూడా చెడిపోతుంది. ఆయన డొమైన్ వారు డీమార్క్‌లో 'తిరస్కరించండి' అని రాసి ఉంటే, ఆ మాట పాటించే సర్వర్లన్నీ ఆయన ఉత్తరాన్ని తిప్పికొడతాయి. 2014 ఏప్రిల్‌లో యాహూ ఈ నిబంధన పెట్టుకొన్నప్పుడు ప్రపంచమంతటా మెయిలింగ్ జాబితాలు ఇలాగే దెబ్బతిన్నాయి.

అసలు నష్టం తిరిగొచ్చిన ఉత్తరాలతో ఆగదు. మెయిల్‌మ్యాన్ ప్రతి తిరుగుటపాను లెక్కపెడుతుంది. ఒక చిరునామాకు రోజుకు ఒకటి చొప్పున లెక్క 5కు చేరితే ఆ సభ్యుడికి ఉత్తరాలు ఆపేస్తుంది. తప్పు పంపినవారి డొమైన్ నియమానిది, శిక్ష మాత్రం అందుకొనేవారికి. కొత్తగా చేరిన ఒక పెద్దాయన వేమన పాఠాంతరాల మీద వారం పాటు రోజూ ఉత్తరం రాశారు. ఆ వారాంతానికి మా సభ్యుల్లో 70 మందికి పైగా ఉత్తరాలు అందడం ఆగిపోయింది. 'మేమేం తప్పు చేశామండీ, పేరు తీసేశారు?' అని ఒక పెద్దావిడ ఫోన్ చేసి అడిగేదాకా నేను గమనించలేదు. ఒక్కొక్కరి లెక్కను సున్నా చేసి, అందరికీ విడివిడిగా క్షమాపణ రాశాను.

దీనికి పరిష్కారం పోస్టోరియస్‌లోనే ఉంది. జాబితా అమరికల్లో డీమార్క్ విభాగంలో, పంపినవారి స్థానంలో జాబితా చిరునామా పెట్టమని చెప్పవచ్చు. అప్పుడు పేరు 'ఫలానా వారు, జాబితా ద్వారా' అని కనిపిస్తుంది, అసలు రచయిత చిరునామా జవాబు స్థానంలోకి చేరుతుంది. కఠిన నియమం ఉన్న డొమైన్లకు మాత్రమే ఈ మార్పు చేయవచ్చు, లేదా అందరికీ ఒకేలా చేయవచ్చు. నేను రెండోది ఎంచుకొన్నాను, ఎందుకంటే ఒకరి ఉత్తరం ఒకలా, మరొకరిది ఇంకొకలా కనిపిస్తే మా పెద్దవాళ్లు తికమకపడతారు. రచయిత పేరు పక్కన ఆ తోక ఉండడం నాకు ఇప్పటికీ నచ్చదు, కాని అది లేకుండా జాబితా నడవదు. కొత్త జాబితా పెట్టేవారు మొదటి సభ్యుడిని చేర్చే ముందే ఈ అమరిక మార్చుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

తెలుగులో రాసుకొనే జాబితాకు ప్రత్యేకమైన చిక్కులు మూడు ఎదురయ్యాయి. మొదటిది పరిమాణం. మెయిల్‌మ్యాన్ మనం మార్చకపోతే 40 కేబీ దాటిన ఉత్తరాన్ని నిర్వాహకుల ఆమోదం కోసం ఆపుతుంది. ఇంగ్లీషుకు ఇది చాలా ఎక్కువ. అక్షరాలను కంప్యూటర్ దాచుకొనే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. 'స్త్రీ' అని రాస్తే కంటికి కనిపించేది ఒకే అక్షరమైనా, లోపల ఆరు సంకేతాలు, 18 బైట్లు. మెయిల్‌లో ప్రయాణానికి బేస్64లోకి మారితే అది 24 అవుతుంది; కోటెడ్ ప్రింటబుల్ అనే మరో పద్ధతిలో 54 అవుతుంది. కొన్ని మెయిల్ కార్యక్రమాలు అదే పాఠాన్ని హెచ్‌టీఎంఎల్ రూపంలో రెండోసారి జతచేస్తాయి. దాంతో మామూలు వ్యాసం కూడా హద్దు దాటి ఆగిపోయేది, రాసినవారు తమ వ్యాసం నాకు నచ్చలేదేమోనని అనుకొనేవారు. హద్దును 300 కేబీకి పెంచాను.

రెండోది వెతుకులాట, నాకు అన్నిటికంటె బాధ కలిగించినది. హైపర్‌కిటీతో డెబియన్‌లో మొదట వచ్చే వెతుకు యంత్రం హూష్. పైథాన్‌లో 'పదాక్షరం' అన్న నిర్వచనంలో మన గుణింతపు గుర్తులు, పొల్లు చేరవు, కనుక అది తెలుగు మాటను గుణింతం దగ్గరల్లా తుంచేస్తుంది. 'సీసపద్యం' అని వెతికితే పొంతన లేని ఉత్తరాలు వచ్చేవి, కావలసినది వచ్చేది కాదు. జాపియన్ అనే మరో యంత్రానికి మార్చి, సూచికను మొదటి నుండి కట్టించాను. జాపియన్ ఆ గుర్తులను మాటలో భాగంగానే చూస్తుంది, పైగా చాలా వేగంగా పనిచేస్తుంది. అయినా 'కవిత' అని వెతికితే 'కవితలో', 'కవితకు' దొరకవు, ఎందుకంటే తెలుగు విభక్తులను విడదీసే నేర్పు దానికి లేదు. మూల పదం వెనుక నక్షత్రం గుర్తు పెట్టి వెతకమని సభ్యులకు చెప్పవలసిన అవసరం రాకుండా, ఎవరైనా చక్కటి తెలుగు పద విచ్ఛేదకాన్ని రాసి ఇస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

మూడోది అడుగున చేర్చే పంక్తులు. సాదా ఉత్తరానికి అవి చక్కగా అతుకుతాయి. హెచ్‌టీఎంఎల్ ఉత్తరానికి మాత్రం మెయిల్‌మ్యాన్ వాటిని విడి భాగంగా జతచేస్తుంది, కొన్ని కార్యక్రమాలు దానిని అటాచ్‌మెంట్‌గా చూపిస్తాయి. వైరస్ అనుకొని భయపడ్డవారు ఉన్నారు. సాదా పాఠాన్ని మాత్రమే ఉంచి మిగిలినది తీసేసే అమరిక పెట్టాక ఆ సమస్య పోయింది. స్వాగత పత్రం, సభ్యత్వ ధ్రువీకరణ వంటి నమూనాలన్నీ పోస్టోరియస్‌లోనే మార్చుకోవచ్చు కనుక అన్నీ తెలుగులో తిరిగి రాశాను. ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికంటె ఇష్టమైన సౌకర్యం ఇదే.

స్పామ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సభ్యులు కానివారి ఉత్తరాలను మెయిల్‌మ్యాన్ ముందే ఆపి ఉంచుతుంది. ఆర్‌స్పామ్‌డిలోని నేర్చుకొనే వడపోత మంచి ఉత్తరాలు 200, చెడ్డవి 200 చూసేదాకా పని మొదలుపెట్టదు కనుక తొలి నెలల్లో ఓపిక పట్టాలి. బయటి బాట్లు (తమంత తాము నడిచే కార్యక్రమాలు) ఎవరెవరి చిరునామాలతోనో సభ్యత్వం అడుగుతూ, ఆ అమాయకులకు మన సర్వర్ చేత ధ్రువీకరణ ఉత్తరాలు పంపించడం ఇంతకంటె ప్రమాదకరం. మన సర్వర్ పేరు చెడేది అలాగే. నమోదు పేజీని ఒక చిన్న ప్రశ్న వెనుక దాచాక అది ఆగింది.

2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ పెట్టిన నిబంధనల గురించి చాలామంది అడుగుతుంటారు. జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000, అంతకు మించి పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. చిన్న జాబితాకు ఇది వర్తించదని అనుకోవద్దు: 300 మంది సభ్యులూ జీమెయిల్ వాడేచోట ఒకే రోజు 17 ఉత్తరాలు నడిస్తే బయటికి వెళ్లేవి 5,100. అరసున్న మీద చర్చ మొదలైతే మా జాబితాలో 17 ఉత్తరాలు మధ్యాహ్నానికే పూర్తవుతాయి. మూడు రికార్డులూ ముందే ఉండడంతో మాకు ఇబ్బంది కలగలేదు. అయినా ఒక పెద్ద మెయిల్ సంస్థ 2023లో పది రోజుల పాటు మా ఉత్తరాలన్నిటినీ కారణం చెప్పకుండా స్పామ్ పెట్టెలో వేసింది. నేను చేయగలిగింది వారి పత్రం నింపి ఎదురుచూడడమే. ఆ నిస్సహాయత భరించలేనివారు ఈ దారిలోకి రాకపోవడం మంచిది.

ఇప్పుడు వారానికి గంట, గంటన్నర పని ఉంటుంది: తిరుగుటపాలు చూడడం, ఆగిన ఉత్తరాలు వదలడం, నవీకరణలు. 2023లో డెబియన్ 12కు మారడానికి ఒక ఆదివారం పట్టింది. పాత సేవ నుండి దించి పెట్టుకొన్న ఉత్తరాలను హైపర్‌కిటీలోకి ఎక్కించడానికి మాత్రం దాదాపు రెండు నెలలు పట్టింది, ఎందుకంటే వాటిలో కొన్నిటికి తేదీలు తప్పు, కొన్నిటికి లిపి సంకేతం పేరే లేదు, మరి కొన్ని తెలుగును రోమన్ అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో రాసినవి. ఆర్‌టీఎస్ ఉత్తరాలను మార్చకుండా అలాగే ఉంచాను. ఆ కాలంలో తెలుగు రాసుకోవడానికి వారు పడిన తపన వాటిలో కనిపిస్తుంది.

సభ్యులు కొద్దిమంది, పాత ఉత్తరాల మీద మమకారం లేదు అనుకొనేవారికి డబ్బు కట్టే సేవ చాలు. నిల్వే ప్రాణమనుకొనే బృందానికి మాత్రం, లాగ్ చదవగల మనిషి ఇద్దరైనా ఉంటే, ఈ అమరికను నిస్సంకోచంగా సూచిస్తాను. ఇద్దరని ఎందుకు అంటున్నానంటే, మొదటి మూడేళ్లు మా సర్వర్ సంగతులు నాకొక్కడికే తెలుసు. కిందటేడు ఆసుపత్రిలో ఉన్న వారం రోజులూ నాకు అదే దిగులు. తిరిగి వచ్చాక రెండు డేటాబేసుల నకళ్లు, అమరిక ఫైళ్లు, డీకిమ్ తాళం, ఆరు పేజీల సూచనలు కలిపి గుంటూరులో ఉన్న ఒక మిత్రుడికి ఇచ్చాను. ఆయన నన్ను ఒక్క మాటా అడగకుండా ఖాళీ యంత్రం మీద జాబితాను తిరిగి నిలబెట్టి, రాత్రి పదిన్నరకు ఫోన్ చేసి, నిల్వలో ఎన్ని ఉత్తరాలున్నాయో అంకె చదివారు. నా దగ్గరి అంకెతో అది సరిపోయింది.