మంచు చిరుత కోసం లద్దాఖ్, స్పితి: ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు

శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్లేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఏ నెలలో వెళ్లాలన్నది. మంచు చిరుత కావాలంటే జనవరి నుంచి మార్చి లోపు. పూలు, మార్మట్లు (బొరియల్లో ఉండే పెద్ద ఉడుత జాతి జంతువులు), కియాంగ్ అనే అడవి గాడిదలు, నల్లమెడ క్రేన్లు (సారస జాతి పక్షులు) కావాలంటే జూన్ చివర నుంచి సెప్టెంబరు. రెండూ ఒకే ట్రిప్పులో కుదరవు. మార్మట్లు అక్టోబరులో బొరియల్లో దూరితే ఏప్రిల్ దాకా బయటికి రావు, క్రేన్లు చలికి ముందే వెళ్లిపోతాయి, ఫిబ్రవరిలో పచ్చటి ఆకు కనబడదు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైన వాన చూసే మనకి, వంద మిల్లీమీటర్లు పడే నేల ఎలా ఉంటుందో ఫొటోల్లో అర్థం కాదు.

రైలంటే సమతా ఎక్స్‌ప్రెస్ నిజాముద్దీన్‌కి ఒకటిన్నర రోజు. శ్రీకాకుళం వాళ్లు విజయనగరం వచ్చి ఎక్కాలి, ఆమదాలవలస మీదుగా అది రాదు. ఢిల్లీ నుంచి లేహ్‌కి విమానం గంటంపావు. చలికాలంలో మంచు వల్ల విమానాలు రద్దవుతుంటాయి కాబట్టి తిరుగు రైలుకీ విమానానికీ మధ్య కనీసం రెండు రోజులు వదలండి. మన దగ్గర కొన్న ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

సముద్ర మట్టం నుంచి నేరుగా 3,500 మీటర్లకి దిగుతారు. మొదటి రెండు రోజులు లేహ్‌లోనే ఉండాలి, మెట్లు కూడా నెమ్మదిగా ఎక్కాలి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర డాక్టరు రాస్తేనే. ఇక్కడ మనవాళ్లకి ప్రత్యేకంగా రెండు మాటలు. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఆ మాత్ర ప్రమాదం. సీతంపేట, పార్వతీపురం వైపు సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తకణాల లోపం) వాహకులు ఎక్కువ. మామూలుగా ఏ ఇబ్బందీ లేని వాహకులకి కూడా ఆ ఎత్తులో ప్లీహానికి రక్తం అందక తీవ్రమైన కడుపునొప్పి రావచ్చు. టికెట్టు కొనే ముందే రక్తపరీక్ష చేయించుకోవడం మేలు.

ఇక ఊళ్లు. 2019-23 సర్వేలో దేశం మొత్తం మీద 718 మంచు చిరుతలు తేలితే, లద్దాఖ్‌లోనే 477. అంత పెద్ద కొండల్లో ఉన్నవి ఈ 477 మాత్రమే అని కూడా గుర్తుంచుకోవాలి. మూడు రాత్రుల ప్యాకేజీ అమ్మేవాళ్లు మీ అదృష్టాన్ని మీకే అమ్ముతున్నట్టు. ఒకే ఊళ్లో ఆరు రాత్రులు ఉండండి, ఊళ్లు మారుస్తూ తిరిగితే దారిలోనే రోజులు పోతాయి.

ఇంట్లో పెద్దవాళ్లు కూడా వస్తుంటే ఉలే. లేహ్ నుంచి పడమటికి రెండు మూడు గంటల్లో కారు ఊళ్లోకి వెళుతుంది. హోమ్‌స్టే ముందు నుంచే ఎదుటి వాలు మొత్తం కనబడుతుంది. ఇక్కడ చిరుతకి ముఖ్యమైన ఆహారం ఐబెక్స్ మేకలు, స్థానికులు స్కిన్ అంటారు. గది బుక్ చేసేటప్పుడు అటాచ్డ్ బాత్రూమ్ గురించి కాదు, కిటికీలోంచి ఏ కొండ కనబడుతుందో అడగండి. చలికాలంలో గొట్టాలు గడ్డకట్టేస్తాయి కాబట్టి బాత్రూమ్ ఎలాగూ బకెట్టే.

రుంబక్ నడవగలిగేవాళ్లకి. 4,400 చదరపు కిలోమీటర్ల హెమిస్ జాతీయ పార్కులో ఉంది. హుసింగ్, తర్బుంగ్ లాంటి పక్క లోయల్లోకి పొద్దున్నే నడిచి వెళ్లి, రాళ్ల మధ్య గంటలు గంటలు కూర్చోవాలి. కిలోమీటరు పైన దూరంలో కనబడితే కూడా సంతోషపడేవాళ్లే ఇక్కడికి వెళ్లాలి. మట్టి మరుగుదొడ్డి, గది వెచ్చబెట్టే బుఖారీ పొయ్యి, తుక్పా అనే నూడుల్స్ పులుసు, ఖంబీర్ రొట్టె. మర్యాదకి లోటుండదు.

దగ్గరగా చూడాలంటే హిమాచల్‌లోని స్పితిలో కిబ్బర్ మెరుగు. కిబ్బర్, చిచమ్ ఊళ్ల మధ్య గండికి అటూ ఇటూ కొండకొమ్ములుంటాయి, ఇవతల రోడ్డు మీద నించుని అవతలి గోడ చూస్తారు. చిక్కల్లా దారే. చలికాలంలో కుంజుమ్ కనుమ మూసేస్తారు, సిమ్లా, కిన్నౌర్ మీదుగానే రావాలి. బండలు పడితే ఒకటి రెండు రోజులు ఆగిపోతారు. అయితే నాకో, కాజా మీదుగా మెల్లగా ఎత్తు పెరుగుతుంది కాబట్టి తలనొప్పి బాధ విమానంలో దిగినవాళ్లకంటే తక్కువ.

ఎక్కడైనా డబ్బు పెట్టాల్సింది ట్రాకర్ మీద. నలుగురికి ఒక స్కోపు (దూరాన ఉన్నవి చూసే దుర్భిణి) ఉండాలి, పదిమందికి ఒకటంటే మీ వంతు వచ్చేలోపు చిరుత రాతి చాటుకి పోతుంది. మంచి ట్రాకర్ చిరుత కోసం వెతకడు, భరల్ అనే కొండగొర్రెల మంద వైపు చూస్తాడు. మేత మానేసి అన్నీ ఒకే దిక్కుకి మెడలెత్తి, ఒకటి సన్నగా ఈల వేసిందంటే స్కోపు అటు తిప్పుతాడు. చిరుత ఒక భరల్‌ను కొడితే మూడు నాలుగు రోజులు అక్కడే ఉంటుంది. అది తినే చోట కాకి జాతి మేగ్‌పైలు మూగుతాయి, పైన ఎముకలు తినే లామర్‌గేయర్ రాబందు తిరుగుతుంది. పడుకున్న చిరుత రాయిలాగే ఉంటుంది, ఒళ్లంత పొడుగున్న తోక కదిలితేనే దొరుకుతుంది. పొద్దున పది దాటితే రాళ్లు వేడెక్కి గాలి అలలాడుతుంది, అప్పుడు ఎంత ఖరీదు లెన్సైనా ఫొటో మసకే. బైనాక్యులర్ 8x42 చాలు. కెమెరా బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. గదిలోకి తెచ్చే ముందు కెమెరాని ప్లాస్టిక్ కవర్లో బిగించకపోతే లెన్సు లోపల తేమ పడుతుంది.

వేసవి ట్రిప్పు సులువు. లేహ్ కింది సింధు లోయ రోడ్ల పక్కన కబ్రా పొదలుంటాయి, మన ఆదొండకి చుట్టం. తెల్లటి పువ్వు సాయంత్రం విచ్చుకుని, పొడుగాటి కేసరాలు మీసాల్లా నిలబడి, మర్నాడు ఎండకి వాడిపోతుంది. నుబ్రా లోయలోని హుండర్‌లో ఒంటె సవారీ వదిలేయండి, పక్కనే వాగు వెంట సీబక్‌థార్న్ పొదలు చూడండి. సెప్టెంబరులో నారింజ రంగు పళ్లు కొమ్మకి అతుక్కుని ఉంటాయి, చేత్తో కోస్తే చిట్లిపోతాయి. అందుకే గుడ్డ పరిచి కర్రతో కొడతారు. ముళ్లు మాత్రం రేగు ముల్లు కంటే నయం కాదు.

4,500 మీటర్లు దాటాక నేల మీద పచ్చటి గుండ్రాయి కనబడితే అడుగు వేయకండి. అది మొక్క, పేరు థైలాకోస్పెర్మమ్. వేలితో తడితే గట్టిగా చెక్కలా ఉంటుంది. గాలికి ఎండిపోకుండా కొమ్మలు ఒకదానికొకటి ఒరుసుకుని ముద్దగా పెరుగుతాయి. ఏళ్లు పట్టి పెరిగింది ఒక్క బూటు కింద పగులుతుంది.

లద్దాఖ్ తూర్పు అంచున ఉన్న హన్లేకి వెళ్లే ముందు అనుమతి సంగతి లేహ్‌లో కనుక్కోండి. అక్కడ కియాంగ్ మందలు తప్పకుండా కనబడతాయి, కానీ డ్రైవరుకి ముందే చెప్పాలి, వెంబడించొద్దని. బండి పక్కన పరుగెత్తడం వాటి అలవాటు, పలచటి గాలిలో అలా కిలోమీటర్లు పరుగెత్తిస్తే అలసిపోతాయి. మార్మట్లకి బిస్కెట్లు వేసేవాళ్లు పాంగాంగ్ సరస్సు దారిలో ఎప్పుడూ ఉంటారు, మీరు చేరొద్దు.

తిండి సంగతి: 4,000 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 87 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కరు లేకపోతే అన్నం పలుకు మిగులుతుంది. కందిపొడి, ఆవకాయ తీసుకెళ్లండి, ఆవకాయ చెక్-ఇన్ సామాన్లోనే. సీలు ప్యాకెట్లు ఆ ఎత్తులో ఉబ్బి నూనె కారుతుంది కాబట్టి మూత బిగిసే స్టీలు డబ్బాలో, పైన అంగుళం ఖాళీ ఉంచి.