ఇన్సూరెన్స్ అప్రూవల్ చేతికి రాకముందే బరువు తగ్గకండి. అవును, సరిగ్గానే చదివారు

బరువు తగ్గే ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేరి, అది జరక్కుండానే ఇంటికొచ్చి ఆరు రోజులైంది. ఎడమ చేతికి సూది పెట్టిన చోట ఇంకా నల్లగా కమిలే ఉంది. కోపం కూడా అలాగే ఉంది. వాక్యాలు అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి.

ఆస్పత్రి పేరు రాయను. "అక్కా, ఏమైనా రాసుకో, పేరు మాత్రం పెట్టకు" అని మా తమ్ముడు ఒట్టేయించుకున్నాడు. ముందు, తర్వాత ఫొటోలు పెడతారు కదా, ముందు ఫొటోలో ఏడుపు మొహం, తర్వాత ఫొటోలో పాత ప్యాంటు నడుము దగ్గర లాగి చూపిస్తూ నవ్వు, ఆ బాపతు ఆస్పత్రే. ఇన్సూరెన్స్ కంపెనీ పేరూ రాయను. రెన్యువల్‌కి నెల ముందు నుంచి రోజూ ఫోన్ చేసి, మనం ఫోన్ చేస్తే మాత్రం పాట వినిపించే కంపెనీ అనుకోండి.

నా సంగతి రెండు ముక్కల్లో. వయసు 43, ఎత్తు 162 సెంటీమీటర్లు, ఎనిమిదేళ్ళుగా షుగరు, థైరాయిడ్. వాకింగ్, జిమ్ము, కీటో, కొబ్బరినూనె డైట్, జొన్నరొట్టెలు, పరగడుపున జీలకర్ర నీళ్ళు, అన్నీ అయ్యాయి. తగ్గిన ప్రతి కిలో ఇంకో కిలోని వెంటబెట్టుకుని వచ్చింది. పాలసీ తీసుకునేటప్పుడు షుగరు ఉందని దాచకుండా రాశాను. ముందునుంచీ ఉన్న జబ్బులకి మా పాలసీలో వెయిటింగ్ మూడేళ్ళు, ఆ మూడేళ్ళూ ప్రీమియం కడుతూ ఓపిక పట్టాను. అక్కడిదాకా తెలివైనదాన్నే.

మే నెలాఖరులో మొదటిసారి వెళ్ళాను. బరువు 106 కిలోలు, బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఎక్కువో చెప్పే అంకె, 40.4. షుగరు మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 8.6. స్లీవ్ చేద్దామన్నారు డాక్టరు గారు. అంటే పొట్టలో దాదాపు ముప్పావు వంతు కోసేసి మిగిలింది గొట్టంలా కుట్టేస్తారు. ప్యాకేజీ 4,20,000. నా మొహం చూసి ఇన్సూరెన్స్ డెస్కులో కూర్చోబెట్టారు. అక్కడొక అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో. అల్లం టీ తెప్పించింది. "మీది హండ్రెడ్ పర్సెంట్ అయిపోతుంది మేడం, రోజూ చేసేవే కదా ఇవన్నీ" అంది. పాలసీ కార్డు జిరాక్స్ తీసుకుంది. పాలసీ బుక్కు అడగలేదు. నేనూ ఇవ్వలేదు. అది బీరువాలో పట్టుచీరల కింద, వచ్చిన కవరు చింపకుండా ఉంది.

నేను చేసే ఉద్యోగం అకౌంట్స్ అండీ. సప్లయర్ బిల్లులో పదమూడు రూపాయలు తేడా వస్తే మూడు మెయిళ్ళు పెట్టే మనిషిని. నా సొంత పాలసీ కవరు చింపలేదు. ఈ ముక్క ఈ ఆరు రోజుల్లో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

సరే. షుగరు అదుపులోకి రాకుండా కత్తి పెట్టనన్నారు డాక్టరు గారు. న్యాయమే. ఇన్సులిన్ మొదలుపెట్టి, అన్నం తగ్గించి, ఆగస్టు ఆఖరికి 7.1కి తెచ్చాను. ఫిజీషియన్ గారు శభాష్ అన్నారు. నిద్ర పరీక్ష కూడా చేశారు, తల నిండా వైర్లు అంటించి. గంటకి 24 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందని వచ్చింది. ఆపరేషన్‌కి చివరి రెండు వారాలు లివర్ డైట్. లావుగా ఉన్నవాళ్ళకి లివర్‌లో కొవ్వు పేరుకుని పొట్ట మీదికి వస్తుందట, అది కుంచించుకుంటేనే లోపల పరికరాలు తిప్పడానికి చోటు ఉంటుందట. రోజుకి 800 క్యాలరీలు. మూడు పూటలా ప్రోటీన్ పొడి, మజ్జిగ, పల్చటి సూపు. ఆ రెండు వారాల మధ్యలోనే వినాయక చవితి. అందరికీ ఉండ్రాళ్ళు నా చేత్తో చేసి, నేను మాత్రం స్టీలు గ్లాసులో చాక్లెట్ వాసన వచ్చే నీళ్ళు తాగాను. మా అత్తగారు "ప్రసాదం కూడానా" అని ఒక చూపు చూశారు. ఆ చూపుకి కూడా ఇన్సూరెన్స్ ఉంటే బాగుండు.

రెండు వారాల్లో అయిదు కిలోలు తగ్గాను. గర్వంగా వెళ్ళి చేరాను, సాయంత్రం అయిదింటికి.

చేర్చుకున్న నర్సు బరువు చూసింది, 101. ఎత్తు చూసేటప్పుడు ఆ కడ్డీని కిందికి దించితే టక్ మని నా జుట్టుకున్న క్లిప్పు మీద ఆగింది. క్లిప్పు తీయనా అన్నాను. "పర్లేదు మేడం" అని 164 రాసేసింది. బీఎంఐ 37.6. (క్లిప్పు తీసినా 38.5 వచ్చేది, నలభై వచ్చేది కాదు, కాబట్టి తప్పంతా క్లిప్పు మీదికి తోయను. కానీ చూడండి, ఎంత శ్రద్ధో.) నేను అప్పుడు ఆ కాగితం వంక చూసి సంతోషపడ్డాను. నిజం. నా బీఎంఐ ముప్పైల్లో చూసి పన్నెండేళ్ళయింది.

ఇన్సూరెన్స్‌కి ఫైలు వెళ్ళింది ఆ రాత్రే అని నాకు తర్వాత తెలిసింది. మేలో జిరాక్స్ తీసుకున్నావు కదమ్మా, జూన్, జూలై, ఆగస్టు ఏం చేశావు? ముందే అనుకున్న ఆపరేషన్‌కి ప్రీ-ఆథరైజేషన్, అంటే ముందస్తు అనుమతి కోసం ఫైలు, రోజుల ముందే పంపొచ్చు. క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టే) రిక్వెస్టు మీద గంటలో తేల్చాలని ఐఆర్‌డీఏఐ, అదే ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ, 2024లోనే కంపెనీలకి చెప్పింది. తేల్చారు పాపం, క్వెరీ మీద క్వెరీ వేసి. మొదటి ఓపీ చీటీ పంపండి. నిద్ర పరీక్ష పంపండి. బరువు తగ్గడానికి అంతకుముందు ఏమేం చేశారో రుజువులు పంపండి. జీలకర్ర నీళ్ళకి రుజువు ఎక్కణ్ణుంచి తేను?

పొద్దున ఆరింటికి గౌను తొడిగి, కాళ్ళకి బిగుతు సాక్సులు వేసి, సూది పెట్టారు. రాత్రి పదినుంచి మంచినీళ్ళు కూడా లేవు. తొమ్మిదికి అన్న ఆపరేషన్ పది అయింది, పదకొండు అయింది. పదకొండూ నలభైకి ఆ అమ్మాయి వచ్చింది. చేతిలో రెండు కాగితాలు. ఒకటి రిజెక్షన్. రెండోది సొంత డబ్బుతో చేయించుకుంటానని సంతకం పెట్టే ఫారం. పెన్ను క్యాప్ తీసే ఉంది. అది నేను మర్చిపోలేను, పెన్ను క్యాప్ తీసి పట్టుకుని లోపలికొచ్చింది.

ఏమైందమ్మా అంటే, ఇదుగో ఈ మాట అంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మీరే రెండు వారాల్లో అంత తగ్గిపోతే మేమేం చేస్తాం మేడం? డైట్‌తోనే తగ్గుతున్నప్పుడు ఆపరేషన్ ఎందుకని వాళ్ళు అడగరా?"

వెనకాల నిలబడ్డ వార్డ్ బాయ్ కిసుక్కున నవ్వాడు. మా ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి బంగారం లోను ఎంత వస్తుందో చూసుకుంటున్నారు. అది ఇంకా బాధేసింది.

నేను హ్యాండ్‌బ్యాగులోంచి డైట్ ఛార్ట్ తీశాను. పైన వాళ్ళ ఆస్పత్రి బొమ్మ, కింద వాళ్ళ డైటీషియన్ సంతకం, స్టాంపు. "ఈ కాగితం మీదే కదమ్మా?" అన్నాను. చూసి ఏమందో తెలుసా? "అది డైట్ డిపార్ట్‌మెంట్ మేడం. మాది ఇన్సూరెన్స్." ఏదో పక్క ఊరి సంగతి అడిగినట్టు! రెండు గదుల మధ్య దూరం పదడుగులు.

డాక్టరు గారు వచ్చారు, తలుపు మీద చెయ్యి తీయకుండా మాట్లాడారు. మన ఆసియా వాళ్ళకి బీఎంఐ 37.5 దాటితే ఆపరేషన్ చేయొచ్చట, షుగరు లాంటివి ఉంటే 32.5కే చేయొచ్చట, ఇన్సూరెన్స్ వాళ్ళకి ఇవి అర్థం కావట. "క్యాష్ అరేంజ్ చేసుకోండి, రేపు మొదటి కేసు మీదే." మరి వాళ్ళ లెక్క వేరని మేలో చెప్పొచ్చు కదండీ, మే నెలలో.

ఇంటికొచ్చి కవరు చింపాను. ఎక్స్‌క్లూజన్ (పాలసీ డబ్బివ్వని సందర్భాల) కోడ్ 06, ఊబకాయం. ఇదేదో మా కంపెనీ దొంగతనంగా రాసుకున్నది కాదు, ఐఆర్‌డీఏఐ అందరికీ ఒకే మాటల్లో రాసిచ్చిన షరతు, చాలా పాలసీల్లో అదే ఉంటుంది. డాక్టరు సలహా ఉండాలి, వైద్య పద్ధతికి లోబడి ఉండాలి, పద్దెనిమిదేళ్ళు నిండాలి, బీఎంఐ 40 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. లేదంటే 35 లేదా ఆపైన ఉండి, వేరే మార్గాల్లో తగ్గడానికి ప్రయత్నించి విఫలమై, ఈ నాలుగింటిలో ఒకటైనా ఉండాలి: లావు వల్ల గుండె కండరం దెబ్బతినడం, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), అదుపులో లేని టైప్ 2 షుగరు.

ఇప్పుడు నా లెక్క చూడండి. బీఎంఐ 40.4 ఉండేది, వాళ్ళ డైట్ వల్ల పోయింది. షుగరు అదుపులో ఉండేది కాదు, వాళ్ళ డాక్టరే అదుపు చేయించారు. ఆప్నియా గంటకి 30 ఉంటే తీవ్రం, నాది 24, మధ్యస్థం. గుండె బాగుంది, దేవుడి దయ వల్ల, ఇన్సూరెన్స్ దురదృష్టం వల్ల. ఆపరేషన్‌కి నన్ను సిద్ధం చేయడానికి ఏమేం చేశారో సరిగ్గా అవే నన్ను అనర్హురాలిని చేశాయి. చెప్పినమాట వినని పేషెంటు అయ్యుంటే ఈపాటికి ఆపరేషన్ అయిపోయేది.

డబ్బు సంగతి. టెస్టులు, నిద్ర పరీక్షతో కలిపి 38,600. వెనక్కివ్వని అడ్వాన్స్ 25,000. ఆపరేషన్ జరగని ఆ ఒక్క రోజుకి బిల్లు 9,850, అందులో ఆ గౌనుకి కూడా వేశారు. ప్రోటీన్ డబ్బాలు 5,400. మొత్తం 78,850. సెలవులు కలపలేదు.

బయటికొస్తుంటే ఆ అమ్మాయి లిఫ్టు దాకా వచ్చి గొంతు తగ్గించి, "క్యాష్ కట్టేసి చేయించుకోండి మేడం, తర్వాత రీయింబర్స్‌మెంట్ పెట్టుకుందాం, వచ్చేస్తుంది" అంది. దీని గురించి జాగ్రత్త. రీయింబర్స్‌మెంట్ ఫైలు చూసేదీ అదే కంపెనీ, అడ్డం పడేదీ అదే కోడ్ 06. పత్రాలు చాలక క్యాష్‌లెస్ ఆగితే అది వేరు, షరతు కిందే కొట్టేశాక 4,20,000 ముందు కట్టి తర్వాత అడుక్కోవడం వేరు. హండ్రెడ్ పర్సెంట్ అన్న నోరే ఇదీ అంది. ఆ ఒక్క చోట మాత్రం నాకు బుద్ధి పనిచేసింది, సంతకం పెట్టలేదు.

ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్‌కి, అంటే ఫిర్యాదుల విభాగానికి, మెయిల్ పెట్టాను. నా వాదన ఒకటే. ఏ రోజు బరువు చూడాలో ఆ షరతులో లేదు. డాక్టరు సలహా ఇచ్చిన రోజు 40.4. ఆపరేషన్ కోసమే, ఆపరేషన్ చేసేవాళ్ళే తగ్గించిన బరువు పట్టుకుని సలహా చెల్లదంటే ఎలా? ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి, దగ్గరికి వెళ్తాను. ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు, ఏడాది లోపు వెళ్ళాలి. ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు వేశాను. గెలుస్తానో లేదో తర్వాతి మాట.

మీరు వెళ్ళేట్టయితే, మొదటి రోజు ఓపీ చీటీ మీద ఎత్తు, బరువు, బీఎంఐ, "సర్జరీకి సలహా ఇచ్చాను" అన్న మాట, డాక్టరు సంతకం, తేదీ ఉండేలా చూసుకోండి. ఆ అంకెలతోనే ప్రీ-ఆథరైజేషన్ పంపించి, అప్రూవల్ లెటర్ కళ్ళతో చూశాకే డైట్ మొదలుపెట్టండి. డైటీషియన్, జిమ్ము రసీదులు ఎంత పాతవైనా పారేయకండి. కొట్టేస్తే ఏ క్లాజు కిందో రాసిచ్చిన కాగితం తీసుకోండి, నోటిమాట వద్దు. మీరు ఉద్యోగం చేసే కంపెనీ వాళ్ళిచ్చిన గ్రూప్ పాలసీ అయితే షరతులు ఇంకోలా ఉండొచ్చు, హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడగండి. క్లిప్పు కూడా తీసెయ్యండి.

ప్రోటీన్ డబ్బాలు రెండు సీలు తీయనివి ఉన్నాయి, వెనక్కి తీసుకోరట. నిన్న రాత్రి మెషీన్ ఎక్కాను. 103.4. ఇంకో కిలో ఆరువందల గ్రాములు పెరిగితే నలభైకి చేరతాను. ఈ మాట మా అత్తగారికి చెప్పకుండా ఉండాల్సింది, పొద్దున్నే నానబెట్టిన శనగపప్పు కనిపించింది వంటింట్లో.